కరుణా, కర్ణా?

ముందుగా ఒక పేరు చూడండి. "కర?ణ". ఆ ప్రశ్నార్థకం ఉన్నచోట కొమ్ము ఉంటే కరుణ అవుతుంది, పొల్లు ఉంటే కర్ణ అవుతుంది. ఒకరు బహుశా ఆడమనిషి, ఇంకొకరు మగమనిషి. ఇది ఒక చిన్న గ్రంథాలయం సభ్యుల జాబితాలోని పేరు. ఆ ప్రశ్నార్థకాన్ని అక్కడ పెట్టింది మరెవరో కాదు, నేనే. రెండు లైన్ల కోడుతో పెట్టాను. అదెలా జరిగిందో చెప్పాలంటే డేటాబేసుల్లో అక్షరాల కథ కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పుకోవాలి. పనిలో పనిగా చరిత్ర కూడా వస్తుంది, విసుక్కోకండి.

2006లో, లేఖిని వచ్చిన కొత్తలో, ఊళ్ళో ఉన్న మిత్రులు కొందరు తమ గ్రంథాలయానికి ఒక సైటు కట్టుకున్నారు. పీహెచ్‌పీ, మైఎస్క్యూఎల్, నెలకింతని అద్దెకిచ్చే చవక హోస్టింగు. సభ్యుల పేర్లన్నీ తెలుగులోనే ఉండాలని పట్టుబట్టి మరీ ఎక్కించారు. నాలుగువేల పైచిలుకు పేర్లు. లేఖినిలో టైపు చెయ్యడం, కాపీ చెయ్యడం, ఫారంలో అతికించడం. ఆ ఓపిక తల్చుకుంటే ఇప్పటికీ దణ్ణం పెట్టాలనిపిస్తుంది. తెర మీద అంతా చక్కగా కనబడేది. వెనకాల డేటాబేసులో ఏముందో ఎవరూ చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా రాలేదు.

వెనకాల ఏముందో చెప్పేముందు అసలు ఈ గొడవ ఎక్కడ మొదలైందో చూద్దాం.

రిలేషనల్ డేటాబేసు అనే ఆలోచనని ఐబీఎంలో పనిచేసే కాడ్ 1970లో పేపరుగా రాశాడు. అందులో వరసలు, నిలువులు, వాటి మధ్య సంబంధాలు ఉన్నాయి. ఒక అక్షరాన్ని యంత్రంలో ఏ అంకెగా దాచాలి అన్న ప్రస్తావన లేదు, ఉండాల్సిన పనీ లేదు. అది గణితం, ఇది గుమాస్తా పని. కానీ అప్పటికే లోకంలో ఇద్దరు గుమాస్తాలు ఉన్నారు. 1963లో ప్రామాణికం అయిన యాస్కీ ఒకటి. 1964లో ఐబీఎం తన సిస్టం/360తో తెచ్చిన ఎబ్సిడిక్ రెండోది. యాస్కీలో పెద్దబడి 'ఎ' 65, ఎబ్సిడిక్‌లో అదే అక్షరం 193. యాస్కీ వరసలో అంకెలు ముందు, తర్వాత పెద్దబడి అక్షరాలు, తర్వాత చిన్నబడివి. ఎబ్సిడిక్‌లో సరిగ్గా తలకిందులు: చిన్నబడి, పెద్దబడి, ఆఖర్న అంకెలు. వైటూకే పుణ్యమాని మెయిన్‌ఫ్రేములు తోమిన మనవాళ్ళకి ఇది కొత్త కాదు. అక్కడ్నుంచి ఇక్కడికి ఫైలు తెస్తే, అదే ఆర్డర్ బై, అదే డేటా, రిపోర్టు మాత్రం వేరే వరసలో వచ్చేది. టెస్టింగు వాళ్ళు బగ్ రాసేవాళ్ళు. మనం "ఇది బగ్ కాదండీ, స్వభావం" అని తిప్పి రాసేవాళ్ళం.

మెయిన్‌ఫ్రేము డీబీ2లో ఒకే చోట ఎబ్సిడిక్ టేబుళ్ళూ, యాస్కీ టేబుళ్ళూ, తర్వాత యూనికోడ్ టేబుళ్ళూ పక్కపక్కన పెట్టుకోవచ్చు. వాటినన్నిటినీ కలిపి ఒకే ఎస్క్యూఎల్ వాక్యంలో అడగడానికి మాత్రం 2004లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటిదాకా ఒకే కప్పు కింద ఉండేవారు, ఒకే పంక్తిలో భోజనానికి కూర్చునేవారు కాదు. నాకైతే ఆ పద్ధతే నయమనిపిస్తుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక మన సంగతి. ఇస్కీ అని ఒకటుండేది, ఇప్పటి కుర్రాళ్ళు చాలామంది పేరు కూడా విని ఉండరు. యాస్కీ మొదటి 128 స్థానాలనీ వదిలేసి, పై 128లో భారతీయ లిపుల్ని ఇరికించారు. 1988లో ఒక రూపం, 1991లో భారత ప్రమాణంగా ఖరారైన రూపం. అందులో ఒక తెలివైన ఆలోచన ఉంది. మన లిపులన్నిటికీ వర్ణమాల ఒకటే కదా అని 'క'కి ఒకే అంకె పెట్టారు. అది తెలుగు క అవునో, దేవనాగరి క అవునో, బెంగాలీ క అవునో ఆ అంకెలో ఉండదు. మధ్యలో 239 అనే బైటు వచ్చి, దాని పక్క బైటు లిపి ఏదో చెబుతుంది. వాక్యం మొదట్నుంచీ చదువుకుంటూ వస్తే బాగానే ఉంటుంది. డేటాబేసులో మాత్రం ఎవరూ మొదట్నుంచీ చదవరు. ఒక వరస, అందులో ఒక గడి, ఆ గడిలో ఒక ముక్క తీస్తారు. లిపి చెప్పే బైటు ముందెక్కడో ఉండిపోతే చేతికొచ్చిన ముక్క ఏ భాషదో తెలీదు. అంటే సమాచారం గడిలో లేదు, గడి బయట ఎవరి బుర్రలోనో ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కథ పొడుగునా ఇదే జబ్బు.

ఇస్కీ సర్కారీ ఆఫీసులు దాటి జనంలోకి పెద్దగా రాలేదు. జనంలోకి వచ్చినవి ఫాంట్లు. ఈనాడు సైటుకి ఈనాడు ఫాంటు, వార్తకి వార్త ఫాంటు, ఒక్కో డీటీపీ సంస్థకి ఒక్కో సొంత అంకెల పట్టిక. నిజానికి వాటిలో ఉన్నవి అక్షరాలు కావు, అక్షరాల ముక్కలు. తలకట్టుకో అంకె, కొమ్ముకో అంకె, ఒత్తుకో అంకె. వాటిని డేటాబేసులో పెడితే, దాని దృష్టిలో అవన్నీ పడమటి యూరపు అక్షరాలే. వెతకడం, వరస పెట్టడం అన్నవి కలలో మాట. ఫైర్‌ఫాక్సులో పద్మ అనే పొడిగింత వేసుకుని ఆ పేజీల్ని యూనికోడులోకి మార్చుకుని చదివిన రోజులు నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటాయి.

యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లో వచ్చింది, అందులోనే తెలుగు ఉంది. 1988 నాటి ఇస్కీ అమరికనే తీసుకుని, ఒక్కో లిపికి విడివిడిగా 128 స్థానాలు కేటాయించారు. మనవి 3072 నుంచి 3199 దాకా. ఆ మరుసటేడు, 1992 సెప్టెంబరులో, న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనాల బల్ల దగ్గర కూచుని కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌తో కలిసి, యుటిఎఫ్-8ని కాయితం మీద గీసేశాడు. ఇంగ్లీషుకి ఒక బైటే, పాత ఫైళ్ళేవీ మార్చక్కర్లేదు. మనకి అక్షరానికి మూడు బైట్లు. కొందరు దీన్ని వివక్ష అనేవారు. నాకు అంత బాధనిపించలేదు, డిస్కులు చవకైపోయాయి కదా.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి, తర్వాత పనికొస్తుంది. తెలుగు అక్షరం ఏదైనా సరే, మొదటి బైటు 224. రెండోది 176 గానీ 177 గానీ. మూడోదే మారుతుంది. 'త' అంటే 224, 176, 164. ఎత్వం గుర్తు అంటే 224, 177, 134. ఈ బైట్లని ఎవడైనా పడమటి యూరపు పట్టికలో చదివితే 224 అంటే తల మీద వాలుగీత ఉన్న 'ఎ', 176 అంటే డిగ్రీ సున్నా, 177 అంటే కూడిక కింద తీసివేత ఉన్న గుర్తు. తెలుగు పేజీ చెడిపోయినప్పుడల్లా వాలుగీత 'ఎ'లూ డిగ్రీ సున్నాలూ బారులు తీరి కనిపించేవి చూడండి, అదే ఇది. అదే సంగీతం ఎన్నిసార్లు చూశానో.

ఎస్క్యూఎల్ ప్రమాణం కూడా 1992లోనే ఈ సంగతి పట్టించుకుంది. నిలువుకో క్యారెక్టర్ సెట్ పెట్టుకోవచ్చంది, వరస పెట్టే పద్ధతి విడిగా చెప్పుకోవచ్చంది. 'జాతీయ' అక్షరాల కోసమని వాక్యం ముందు 'ఎన్' తగిలించే ఏర్పాటూ చేసింది. (ఏ జాతి అనేది చెప్పలేదు లెండి.) కాయితం మీద బాగుంది. ఒక్కో కంపెనీ దాన్ని ఒక్కోలా అర్థం చేసుకుంది.

మైఎస్క్యూఎల్ స్వీడన్ వాళ్ళది. నాలుగో వెర్షన్ దాకా సర్వరు మొత్తానికి ఒకటే క్యారెక్టర్ సెట్, చెప్పకపోతే ల్యాటిన్1. 2004లో ఖరారైన 4.1తో తలుపులు బార్లా తెరిచారు. సర్వరుకొకటి, డేటాబేసుకొకటి, టేబులుకొకటి, నిలువుకొకటి. అది చాలదన్నట్టు కనెక్షనుకి మూడు: వచ్చే మాట ఏ పట్టికలో ఉంది, దాన్ని ఏ పట్టికలోకి మార్చుకోవాలి, జవాబు ఏ పట్టికలో పంపాలి. చెప్పకపోతే మాత్రం అన్నిచోట్లా పాత ల్యాటిన్1, వరస స్వీడిష్ వాళ్ళది. మా గ్రంథాలయం పేర్లు కూడా కొన్నేళ్ళపాటు స్వీడిష్ వరసలోనే బుద్ధిగా నిలబడ్డాయి. తెలుగు వరసంటూ పెడితే మాత్రం గొడవ ఉండదా అంటే, ఉంటుంది. బళ్ళో చదువుకున్న వర్ణమాలలో ళ, ఱ ఆఖర్న ఉంటాయి, యూనికోడులో ఱ వచ్చి ర పక్కన, ళ వచ్చి ల పక్కన కూచుంటాయి. ఆ గొడవ ఇంకోసారి.

ఇంతకీ మా సైటులో ఏం జరిగింది? పీహెచ్‌పీ ఏమీ చెప్పలేదు కాబట్టి కనెక్షను ల్యాటిన్1. సభ్యుల టేబులు ల్యాటిన్1. బ్రౌజరు పంపిన యుటిఎఫ్-8 బైట్లు "మేము ల్యాటిన్1" అని దొంగపేరు చెప్పుకుని లోపలికెళ్ళాయి. రెండు వైపులా ఒకే పేరు కాబట్టి సర్వరు వాటిని ముట్టుకోలేదు. తిరిగొచ్చేటప్పుడూ అంతే. కాబట్టి తెర మీద తెలుగు.

రెండేళ్ళ తర్వాత పుస్తకాల టేబులు కలిపారు. ఈసారి కుర్రాడెవరో చదువుకున్నవాడు, దానికి యుటిఎఫ్-8 అని సరిగ్గా పెట్టాడు. కనెక్షను మాత్రం పాతదే. ఇప్పుడు సర్వరు ఏం చేసిందంటే, "ఓహో, ల్యాటిన్1 వస్తోంది, యుటిఎఫ్-8లో దాచాలి" అని శ్రద్ధగా ప్రతి బైటునీ ఒక అక్షరంగా భావించి మళ్ళీ యుటిఎఫ్-8 చేసింది. 'తెలుగు' అన్న మాటలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు, మామూలుగా 18 బైట్లు. ఇలా రెండుసార్లు మారితే 38. చదివేటప్పుడు అదే దారిలో వెనక్కి మారుతుంది కాబట్టి తెర మీద మళ్ళీ చక్కటి తెలుగే! రెండు టేబుళ్ళనీ కలిపి జాయిన్ చేసినా పనిచేసింది. ఎందుకంటే సర్వరు ల్యాటిన్1 నిలువుని యుటిఎఫ్-8లోకి మార్చి పోలుస్తుంది, అటువైపు ఉన్నదీ అలా మారినదే. రెండు అబద్ధాలు ఒకదానితో ఒకటి చక్కగా సరిపోయాయి. ఇండెక్సు వాడుకోలేక కాస్త నెమ్మదించిందంతే.

మూడో అంకంలో గ్రంథపాలకుడు గారికి పీహెచ్‌పీ మైఅడ్మిన్ చూపించారెవరో. ఆ పనిముట్టు తన కనెక్షనుని యుటిఎఫ్-8 అని నిజం చెబుతుంది. అందులోంచి ఆయన నేరుగా ఎక్కించిన పుస్తకాలు అసలు సిసలు తెలుగుగా చేరాయి. అదే పనిముట్టులో పాత పుస్తకాలన్నీ వాలుగీతలూ డిగ్రీ సున్నాలూ. సైటు వైపు నుంచి చూస్తే పాతవి తెలుగు, కొత్తవి "??????". తెలుగు అక్షరాన్ని ల్యాటిన్1లోకి మార్చమంటే సర్వరు మాత్రం ఏం చేస్తుంది, ప్రశ్నార్థకం పెడుతుంది. ఒకే టేబులు, ఒకే నిలువు, రెండు రకాల బైట్లు, ఏ కిటికీలోంచి చూస్తే ఆ సగమే బాగుంటుంది. ఆయన నాకు ఫోను చేసి, "ఏవండీ, కొత్త పుస్తకాలకి వైరస్ పట్టిందండీ" అన్నారు.

సరిగ్గా ఇదే ప్రమాదం 2007 మేలో ఎందరో బ్లాగర్లకి జరిగింది. వర్డ్‌ప్రెస్ 2.2 వచ్చేదాకా అదీ మా సైటు లాగే కనెక్షను సంగతి చెప్పేది కాదు. 2.2లో ఆకృతీకరణ ఫైల్లో క్యారెక్టర్ సెట్ పెట్టే ఏర్పాటు చేశారు, అదీ యుటిఎఫ్-8 అని. అంటే మంచిపనే. కానీ పాత టపాలున్నవాళ్ళు కొత్త ఆకృతీకరణ ఫైలు ఎక్కించగానే సర్వరు అబద్ధపు చీటీని నమ్మి మార్చి ఇవ్వడం మొదలెట్టింది. తెలుగు మాయమై వాలుగీతలొచ్చాయి. ఆ లైను తీసేస్తే మళ్ళీ వచ్చేది. నిజం చెప్తే చెడిపోయింది, అబద్ధం చెప్తే బాగుంది. సరైన వైద్యం ఏమిటంటే ఆ నిలువుని ముందు బైనరీగా మార్చాలి, అంటే చీటీ పీకెయ్యాలి. తర్వాత యుటిఎఫ్-8 అని కొత్త చీటీ అతికించాలి. మూట విప్పకూడదు. నేరుగా యుటిఎఫ్-8 చేసేస్తే సర్వరు మూట విప్పి ప్రతి బైటునీ తర్జుమా చేసి కూర్చుంటుంది.

ఇదంతా నాకు తెలుసు. ఇక్కడే సిగ్గుపడాలి. తెలిసి కూడా 2009లో ఆ సైటుని జావాలోకి మారుస్తూ, సర్వరులో చెయ్యాల్సిన పనిని కోడులో చేశాను. చవక హోస్టింగులో టేబులు నిర్మాణం మార్చడానికి భయపడ్డానని చెప్పుకోవచ్చు, కానీ అసలు కారణం రెండు లైన్లలో అయిపోతుందన్న గర్వం. చెడిన పదాన్ని తీసుకుని విండోస్ 1252 పట్టికలో బైట్లుగా మార్చడం, ఆ బైట్లని యుటిఎఫ్-8గా చదవడం. నేనే "గోదావరి" అని ఒక వరస ఎక్కించి చూశాను. బ్రహ్మాండంగా వచ్చింది. ఆ రాత్రే మొత్తం నడిపించేశాను. హోస్టింగు గడువు ఆ వారంలోనే తీరింది, మిగిలిన ఒకే ఒక్క బ్యాకప్పు నేను 'బాగు' చేసిన తర్వాత తీసింది.

సమస్య ఇదీ. మైఎస్క్యూఎల్ ల్యాటిన్1 అని పిలిచేది నిజానికి విండోస్ 1252. అసలు ప్రమాణంలో 128 నుంచి 159 దాకా ముద్రించదగ్గ అక్షరాలుండవు. ఆ 32 గదుల్లో మైక్రోసాఫ్టు వంపు కొటేషన్లూ, పొడుగు గీతలూ, యూరో గుర్తూ వగైరా 27 పెట్టుకుంది. అయిదు ఖాళీగా మిగిలాయి: 129, 141, 143, 144, 157. మైఎస్క్యూఎల్ పుణ్యాత్మురాలు, ఆ ఖాళీ గదుల్ని కూడా అదే అంకెతో దాటించేస్తుంది, ఏదీ పోదు. జావా అలా కాదు. ఆ గదిలో ఎవరూ లేరంటే లేరు, ఇదిగో ప్రశ్నార్థకం.

ఇప్పుడా అయిదు మూడో బైట్లుగా వచ్చే తెలుగు అక్షరాలేమిటో చూడండి. 143 అంటే ఏ. 144 అంటే ఐ. 157 అంటే ఝ. ఇవి తక్కువే వస్తాయి, ఫరవాలేదు. 129 రెండుసార్లు వస్తుంది, ఒకటి అరసున్న (పోయినా అడిగేవాడు లేడు :-)). రెండోది కొమ్ము. 141 అంటే పొల్లు. అంటే తెలుగులో ఒత్తులన్నిటినీ పుట్టించేది! మొత్తం యూనికోడులో ఎన్ని లిపులు లేవు, ఎక్కడో అమెరికాలో ఎవరో వదిలేసిన అయిదు ఖాళీ గదుల్లో రెండు సరిగ్గా వచ్చి మన కొమ్ము మీదా పొల్లు మీదా పడ్డాయి. గోదావరిలో ఈ రెండూ లేవు. నేనెంచుకున్న పరీక్ష మాట అలాంటిది మరి.

తెల్లారి చూస్తే సుబ్బారావు గారు "స?బ?బారావ?" అయ్యారు. వెంకటేశ్వర్లు గారు "వెంకటేశ?వర?ల?". ఏలూరు మొదటా చివరా పోయి మధ్యలో "లూర" మిగిలింది. ఝాన్సీ తల తెగి దీర్ఘం ఒక్కటే గాల్లో వేలాడింది. ముందున్న రెండు బైట్లూ తోడు లేక చెల్లకుండా పోయాయి కాబట్టి, ఏది పోయినా అక్కడ కనబడేది ఒకే గుర్తు.

ఈ తప్పులో ఒక అదృష్టం ఉంది, అది మొత్తం పోగొట్టదు. ఎస్క్యూఎల్ సర్వరులో అప్పట్లో 'ఎన్' తగిలించకుండా తెలుగు ఎక్కిస్తే అన్నీ ప్రశ్నార్థకాలే అయ్యేవి, అసలుది ఇక వచ్చేది కాదు. ఆ సర్వరు వాడుకోగల పాతకాలపు కోడ్‌పేజీ తెలుగుకంటూ లేదు కాబట్టి మార్చడానికి చోటే ఉండేది కాదు. ఒరాకిల్‌లో క్లయింటు తరఫు ఎన్ఎల్ఎస్ ల్యాంగ్ కూడా డేటాబేసులాగే ఉందని అబద్ధం చెబితే, మా సైటు లాగే ఏమీ మార్చకుండా దాచేస్తుంది, ఏళ్ళ తరబడి. పైగా ఒరాకిల్‌లో యుటిఎఫ్8 అన్న పేరుతో ఉన్నది అసలు యుటిఎఫ్-8 కాదు, అసలుది కావాలంటే ఏఎల్32యుటిఎఫ్8 అనాలి. అక్కడ పొడుగు కూడా బైట్లలో లెక్క, నాలుగువేలు అన్నచోట మనకి దక్కేవి 1333 అక్షరాలే. పోస్ట్‌గ్రెస్ వాళ్ళు మాత్రం మొండి. డేటాబేసంతటికీ ఒకటే ఎన్‌కోడింగు, నిలువుకొకటి కుదరదు. యుటిఎఫ్-8 అన్నాక చెల్లని బైట్లు వస్తే మొహమ్మీదే ఎర్రర్ కొడుతుంది. (ఎస్క్యూఎల్ యాస్కీ అని ఒక దొడ్డిదారి ఉంది, దాంట్లో ఏదైనా పోతుంది. ఆ దారిన పోవద్దు.) కొత్తల్లో దాని మొండితనం మీద నాకూ చిరాకే. ఇప్పుడు కాదు. డీబీ2 వాడు ఒకే పంక్తిలో కూర్చోనివ్వకపోవడం నయమని ఇందాక అన్నది అందుకే. ఆపేవాడు ఉంటే తప్పు ఆ రోజే బయటపడుతుంది. సర్దుకుపోయేవాడు ఉంటే మూడేళ్ళ తర్వాత బయటపడుతుంది, అప్పటికి సగం మంది ఊళ్ళో ఉండరు.

నిలువుకో ఎన్‌కోడింగు అనేది పనికిరానిదని నేననను. ఒక్కో టేబులూ మెల్లగా మార్చుకోవడానికి అదే దిక్కు. కానీ మైఎస్క్యూఎల్ తన చీటీలు తానే సరిగ్గా రాయలేదు. 2002లో ఆ వాళ్ళు రాసుకున్న యుటిఎఫ్8ని అక్షరానికి మూడు బైట్లకి కుదించేశారు. నాలుగు బైట్ల అక్షరాలు దాంట్లో పట్టవు. తెలుగంతా మూడు బైట్లే కాబట్టి మనకి చాలాకాలం తెలీలేదు. నవ్వుమొహాల బొమ్మలు వచ్చాక తెలిసింది. వ్యాఖ్యలో ఎవరో ఒక బొమ్మ పెడితే, సర్వరు కాస్త మెత్తగా నడుస్తుంటే, ఆ బొమ్మ నుంచి చివరిదాకా వ్యాఖ్య మొత్తం తెగ్గోసి, మారుమాటాడకుండా దాచేది. 2010లో వచ్చిన 5.5.3లో యుటిఎఫ్8ఎంబి4 అని పక్కన ఇంకోటి పెట్టారు, పాతదాని పేరు అలాగే ఉంచి. వర్డ్‌ప్రెస్ 2015 ఏప్రిల్‌లో 4.2తో దానికి మారింది. ఇండెక్సుకి అప్పట్లో 767 బైట్ల హద్దు ఉండేది, నాలుగుతో భాగిస్తే 191. ఎక్కడైనా టేబుల్లో 191 అనే అర్థం లేని అంకె కనబడితే అది ఆనాటి మచ్చ. ల్యాటిన్1 అనే డిఫాల్టుని చివరికి 2018లో ఎనిమిదో వెర్షన్‌తో వదిలారు.

మళ్ళీ మా పేర్ల దగ్గరికి. కూర్చుని స్క్రిప్టు రాశాను. ప్రశ్నార్థకం పదం మొదట్లో ఉంటే ఏ, ఐ, ఝ లలో ఒకటి, చేత్తో చూసుకోవాలి. హల్లు తర్వాత ఉంటే కొమ్ము గానీ పొల్లు గానీ. తర్వాతది కూడా అదే హల్లైతే, సుబ్బారావులో 'బ్బ' లాగా, పొల్లు. ఇక పదం చివర? మనది అజంత భాష కదా, అచ్చుతో ముగుస్తుంది, కాబట్టి కొమ్ము అనుకున్నాను. చిన్నయసూరిని తల్చుకుని మరీ నడిపాను. రావు, రాజు, వెంకటేశ్వర్లు చక్కగా లేచి కూర్చున్నారు. కుమార్‌లు కుమారులయ్యారు, ప్రసాద్‌లు ప్రసాదులయ్యారు, శ్రీనివాస్‌లు శ్రీనివాసులయ్యారు. శ్రీనివాసులు గారు వేరే ఉన్నారు జాబితాలో! వ్యాకరణం చదివిన భాష వేరు, ఈ యాభై ఏళ్ళలో జనం పెట్టుకున్న పేర్లు వేరు. 'రాజ?' అని ఉంటే రాజు అవునో రాజ్ అవునో ఏ సూత్రమూ చెప్పలేదు. చివరికి పక్క నిలువులో వయసు చూసి, ముప్పైలోపు ఉంటే రాజ్ అనీ, పైబడితే రాజు అనీ ఊహించి వరస పేర్చుకున్నాను. నవ్వకండి, చాలామటుకు సరిపోయింది.

అలా వడకట్టగా ముప్పై పేర్లు మిగిలాయి. సభ్యత్వపు కాయితాలు చూద్దామంటే వాటిని చెద తినేసింది, అందుకే కదా కంప్యూటరు పెట్టుకున్నది. ఫోను నంబర్లు మాత్రం బాగానే ఉన్నాయి. అంకెలు యాస్కీ, వాటికి ఏ పట్టికలోనూ ఏమీ కాలేదు. ఆదివారం పూట కూర్చుని ఒక్కొక్కరికీ చేశాను. కొన్ని నంబర్లు మారిపోయాయి. ఒకాయన ఏడాది క్రితమే పోయారని వాళ్ళబ్బాయి చెప్పాడు, పేరులో ఒత్తు ఎక్కడుందో కూడా ఓపిగ్గా చెప్పాడు.

ఆఖరిది "కర?ణ". ఎత్తినావిడ గొంతు పెద్దవయసుది.

"నమస్కారమండీ, గ్రంథాలయం నుంచి. మీ పేరు కర్ణ గారా, కరుణ గారా అని..."

"కరుణ నాయనా. ఏం, పుస్తకమేమన్నా బాకీ ఉన్నానా?"

"లేదండీ. పేరు సరిగ్గా రాసుకుందామని."

"'ర'కి కొమ్మివ్వాలి" అన్నారావిడ, బళ్ళో పిల్లాడికి చెప్పినట్టు. ఇచ్చాను.